బిడ్డకు పిస్టల్ కొనేముందు ఆమె చెయ్యి చూడండి

ప్రశ్న: మాది హన్మకొండ. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేస్తాను. మా పాప తొమ్మిదో తరగతి. ఎండాకాలం సెలవుల్లో ఇక్కడే ఒక అకాడమీలో నెల రోజులు ఎయిర్ పిస్టల్ నేర్చుకుంది. అప్పటి నుంచి సొంత పిస్టల్ కావాలని అడుగుతోంది. తెలిసినాయన ఒకరు, వాళ్ల అబ్బాయి మానేశాడని, పాత పిస్టల్ 60 వేలకు ఇస్తానంటున్నారు. కొత్తదైతే లక్షన్నర పైమాటే అంటున్నారు. ఆన్‌లైన్‌లో 5, 6 వేలకే కనిపిస్తున్నాయి. ఏది తీసుకోమంటారు? స్పోర్ట్స్ కోటాలో ఎంబీబీఎస్ సీటుకు ఇది పనికొస్తుందా? ఇంటర్‌కు పాపను హైదరాబాద్‌లో హాస్టల్లో వేద్దామనుకుంటున్నాం. ఇంట్లో తుపాకీ అంటే మా ఆవిడ భయపడుతోంది. పాపది ఎడమచేతి వాటం, అదేమైనా ఇబ్బందా?

జవాబు: అడగాల్సిన అసలు ప్రశ్న చివర్లో అడిగారు. ముందు దానికే జవాబు చెబుతాను.

ఎడమచేతి వాటం ఇబ్బంది కాదు. కానీ మీకు 60 వేలకు ఇస్తానంటున్న పిస్టల్ ఆమె చేతికి పట్టకపోవచ్చు. మ్యాచ్ పిస్టల్‌కు చెక్క పిడి ఉంటుంది, గ్రిప్ అంటారు. అరచేతి ఆకారానికి తగ్గట్టు చెక్కుతారు. కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు. మళ్లీ అందులో చిన్న, మధ్య, పెద్ద సైజులు. ఆ అబ్బాయి కుడిచేతి వాటమైతే, పైగా కాలేజీ కుర్రాడైతే, ఆ పిడి పద్నాలుగేళ్ల ఆడపిల్ల ఎడమ చేతిలో నిలవదు. చెప్పు సైజు తప్పితే కాలు కరిచినట్టే ఇదీ. పిడి మార్చుకోవచ్చు, కానీ విదేశం నుంచి తెప్పించే పిడికి మళ్లీ వేలల్లో అవుతుంది. ఇంకో సంగతి చూడండి. కొందరికి ఎడమ చెయ్యి వాటమైనా గురి చూసే కన్ను కుడిది అవుతుంది. అది కోచ్ ఐదు నిమిషాల్లో తేల్చగలరు. క్యాంపులో ఆమె ఏ చేత్తో కాల్చింది, ఏ కన్నుతో చూసింది? ధరలన్నీ కనుక్కున్న మీరు ఈ మాట బిడ్డను అడిగారా?

ఇక ధరల విషయం. ఆన్‌లైన్‌లో కనిపించే 5, 6 వేల పిస్టళ్లలో రెండు రకాలు. ఒకటి స్ప్రింగ్‌తో పనిచేసేది. ప్రతి గుండుకూ బలంగా వంచి బిగించాలి. ట్రిగ్గర్ నొక్కగానే లోపల స్ప్రింగ్ ఎగిరి పిస్టలే కదులుతుంది. పిల్ల తన తప్పు ఏదో, పిస్టల్ తప్పు ఏదో తెలియక నేర్చుకున్నది కూడా పోగొట్టుకుంటుంది. రెండోది అచ్చం పోలీసు పిస్టల్‌లా నల్లగా ఉండి గ్యాస్‌తో ఇనుప గుండ్లు కొట్టేది. దాన్ని ఇంటికి తేవద్దు. పోటీకి పనికిరాదు, గురికీ పనికిరాదు. దాన్ని చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడితే చూసినవాళ్లకు అది అసలు తుపాకీ కాదని తెలియదు.

పోటీల్లో వాడేవి వేరే. గాలి నింపిన చిన్న సిలిండర్ ఉంటుంది, గుండు వెళ్లేటప్పుడు పిస్టల్ దాదాపు కదలదు. వీటిలో మొదలుపెట్టేవాళ్లకు అనువుగా ఉండేది హామెర్లి ఏపీ 20 లాంటిది. తేలిక, మిగతావాటికన్నా చవక. పై స్థాయిలో మోరిని సీఎం 162, స్టెయర్ ఈవో 10, వాల్తర్ ఎల్‌పీ 500 లాంటివి. వాటి ధర లక్ష దాటిపోతుంది. మీరు విన్న లక్షన్నర అబద్ధం కాదు. అయితే తొమ్మిదో తరగతి పిల్లకు మొదటి ఏడాది ఈ రెండింటి మధ్య తేడా లక్ష్యం మీద కనిపించదు. 10 మీటర్ల దూరంలో, లక్ష్యం నట్టనడుమ ఉండే పదో నంబరు గుండ్రం అడ్డం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. మంచి పిస్టళ్లు ఏవైనా బిగించి కాలిస్తే ఒకే రంధ్రంలో కొడతాయి. వణికేది చెయ్యి.

పాత పిస్టల్ కొనడం తప్పని నేను అనను. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది పాతదానితోనే మొదలుపెట్టారు. కానీ బేరానికి ముందు సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూడండి. ఆ తేదీ నుంచి పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీల్లో ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడం అటుంచండి, చాలా ఎక్కువ ఒత్తిడితో (200 బార్) గాలి ఉండే డబ్బా అది, గడువు తీరినదాన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. తరువాత ట్రిగ్గర్. 500 గ్రాముల బరువును లేపగలగాలి, అంతకన్నా తేలికైతే తనిఖీలో వెనక్కి పంపుతారు. గాలి ఎక్కడైనా లీకవుతోందా, ఆ కంపెనీ వాషర్లు మన దగ్గర దొరుకుతాయా, పాడైతే బాగుచేసే మనిషి ఎక్కడున్నాడు? ఇది చిన్న మాట కాదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశ షూటర్ మను భాకర్ పిస్టల్ మ్యాచ్ మధ్యలో మొరాయించింది. బాగుచేయించుకుని వచ్చేసరికి సమయం పోయింది, ఫైనల్ చేజారింది. ఒలింపిక్స్‌లోనే అలా జరిగితే, కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోయి రిపేర్ చేయించుకోవాల్సిన మీ సంగతి ఏమిటి?

ఇంతకూ నేను ఇచ్చే సలహా, ఇప్పుడు ఏదీ కొనకండి. ఆరు నెలలు అకాడమీ పిస్టల్‌తోనే కాల్చనివ్వండి. మీ ఊళ్లోని అకాడమీలో ఎడమచేతి పిడి ఉందా అని అడగండి. లేకపోతే తెప్పించమనండి, నెలనెలా ఫీజు కడుతున్నవాళ్లు అడగొచ్చు. ఈలోగా ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. మ్యాచ్ ఎయిర్ పిస్టల్ బరువు దాదాపు కిలో. నిండు లీటర్ నీళ్ల సీసా కూడా అంతే. భుజం ఎత్తున చెయ్యి చాపి, తెల్ల గోడ వైపు చూస్తూ 10, 15 సెకన్లు పట్టుకోమనండి. దించాలి, నిమిషం ఆగాలి, మళ్లీ ఎత్తాలి. రోజూ పావుగంట చాలు. నెల తరువాత కూడా మీరు గుర్తుచేయకుండా ఆ సీసా పట్టుకుంటే, అప్పుడు పిస్టల్ మాట మాట్లాడుకుందాం. వారానికే విసుగొస్తే మీ 60 వేలు మిగిలినట్టు. బిడ్డను తప్పుపట్టాల్సిన పని కూడా లేదు, నచ్చలేదంతే.

ఈ మాట ఎందుకంటున్నానంటే, నాలుగేళ్ల కిందట జనగామ వైపు నుంచి ఒక తండ్రి వచ్చాడు. పత్తి పైసలు చేతికి రాగానే కూతురికి విదేశీ పిస్టల్ కొన్నాడు, క్యాంపు అయిన మొదటి నెలలోనే. ఆ తరువాత ప్రతి ఆదివారం ఇంట్లో ఒకటే లెక్క. ఇంత పెట్టాం, ఎన్ని పాయింట్లు వచ్చాయి? ఆ పిల్ల నా ముందు కూర్చుని చెప్పిన మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. "ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నాకు లక్ష్యం కనపడదు సార్, నాన్న ముఖం కనపడుతుంది." పిస్టల్ ఇప్పుడు బీరువాలో ఉంది. ఆ అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు.

కోటా దగ్గరికి వద్దాం. ఇక్కడ మీతో కాస్త కటువుగానే మాట్లాడాలి. పారిస్ ఒలింపిక్స్‌లో 2024లో మను భాకర్‌కు రెండు కంచు పతకాలు వచ్చాక, మన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పేరు పేపర్లలో వస్తున్నాక, ఇలాంటి ఉత్తరాలు నాకు బాగా ఎక్కువయ్యాయి. అందరూ అడిగేది పిస్టల్ గురించే, కానీ అడగాలనుకున్నది సీటు గురించి. ఎంబీబీఎస్ కోటా సంగతి ఆ ఏటి ప్రవేశాల నోటిఫికేషన్‌లో చూసుకోవాలి, అంచనా కోసం ఇంజినీరింగ్ లెక్క చెబుతాను. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ ప్రవేశాల్లో స్పోర్ట్స్ కోటా అర శాతం. అంటే 200 సీట్లకు ఒకటి. దాని కోసం కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్, బాక్సింగ్ పిల్లలందరూ అదే వరుసలో నిలబడతారు. అంతర్జాతీయ, జాతీయ పతకాలున్నవాళ్లు ముందుంటారు. జిల్లాలో గెలిచిన సర్టిఫికెట్‌తో ఆ వరుసలో ముందుకు జరగడం కష్టం. మెడిసిన్ సీటు కోసం షూటింగ్ మొదలుపెట్టిన పిల్లకు, సీటు రాకపోతే షూటింగ్ కూడా ఓటమిలాగే కనిపిస్తుంది. బిడ్డకు ఇష్టమైన దాన్ని మనమే చేదు చేసినవాళ్లమవుతాం.

ఉద్యోగాలున్నాయి, లేవనను. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం ఉంది. రైల్వేలు, సైన్యం, కేంద్ర బలగాలు షూటర్లను తీసుకుంటాయి. వేరే ఆటల్లో చూస్తే, నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ డీఎస్పీ అయింది, మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పరుగులో పారాలింపిక్స్ పతకంతో ఇంటికొచ్చింది. వాళ్లను చూసి పిల్లలు ఉత్సాహపడాలి. తల్లిదండ్రులు మాత్రం ఆ పతకాల వెనక ఎన్నేళ్లు పట్టిందో కూడా చూడాలి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇంకో మాట. ఇంటర్‌కు హైదరాబాద్ హాస్టల్. పొద్దున్న ఐదున్నరకు లేపి రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టే హాస్టల్లో పిస్టల్ ఎక్కడ పెడతారు? ట్రంకు పెట్టెలోనా? వాళ్లు లోపలికే రానివ్వరు. అంటే ఏడాదిన్నరలో మీరే ఆపించే పనికి ఇప్పుడు ఇంత డబ్బు పెట్టి పరికరం కొంటున్నారు. రెండిటిలో ఏది నిజంగా అనుకుంటున్నారో ముందు మీ ఇద్దరూ, తరువాత బిడ్డతో కలిసి తేల్చుకోండి. షూటింగ్ కొనసాగించాలంటే ఇంటర్ హన్మకొండలోనే, రోజూ ఇంటికి వచ్చే కాలేజీలో చదివించాలి. నయీంనగర్ చుట్టుపక్కల కాలేజీలకు తక్కువేం లేదు. సాయంత్రం గంటన్నర రేంజ్‌లో, అంటే షూటింగ్ సాధన చేసే చోట, గడిపినంత మాత్రాన చదువు పోదు. హీనా సిద్ధూ బీడీఎస్ చదివి డెంటిస్ట్ అయింది, ఎయిర్ పిస్టల్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా కూడా నిలిచింది. రెండూ కుదురుతాయి, ఇంట్లో టెన్షన్ లేకపోతే.

ఆలస్యమైపోయిందన్న భయం కూడా మీకు ఉందేమో. ఏమీ కాలేదు. మను భాకర్ షూటింగ్ మొదలుపెట్టింది దాదాపు మీ పాప వయసులోనే. ఆగమాగం కానక్కర్లేదు.

ఇంట్లో తుపాకీ అన్న భయం గురించి మీ ఇంటావిడతో ఇలా చెప్పండి. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పోటీ పిస్టళ్ల శక్తి అందులో సగం కూడా ఉండదు. కొన్న బిల్లు, గుర్తింపు కార్డు నకలు పెట్టెలోనే ఉంచుకుంటే చాలు. మందుగుండుతో పేలే .22 పిస్టల్ సంగతి వేరు, దాని సొంత లైసెన్స్‌కు 21 ఏళ్లు నిండాలి. ఇప్పుడు దాని ఊసే వద్దు. అయితే ఆమె భయం పూర్తిగా తప్పు కూడా కాదు. ఎయిర్ పిస్టల్ సీసపు గుండు కంట్లో పడితే కన్ను పోతుంది. కాబట్టి ఇంట్లో గుండు పెట్టి కాల్చడం వద్దు, డాబా మీద డబ్బాలు పెట్టి కొట్టడం అసలే వద్దు, బంధువుల పిల్లలు వచ్చినప్పుడు చూపించడానికి బయటికి తీయడం వద్దు. పిస్టల్ తాళం వేసిన పెట్టెలో, గుండ్లు వేరే చోట. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అది సీసం. ఈ మాటలు కోచ్ మొదటి రోజే చెప్పి ఉంటారు. చెప్పలేదంటే ఆ అకాడమీ గురించి ఆలోచించాలి.

ఖర్చు పిస్టల్‌తో ఆగదు. మ్యాచ్‌లో 60 గుండ్లు, సాధన రోజుకు వంద దాకా పోతుంది. 500 గుండ్ల డబ్బా వారం రోజులు వస్తుంది, రకాన్ని బట్టి కొన్ని వందల నుంచి వెయ్యి పైన ఉంటుంది. రేంజ్ ఫీజు, రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ ప్రయాణం, మీకు ఆ రోజు పోయే కూలి. మిర్చి సీజన్‌లో మీకు సెలవు దొరకదని నాకు తెలుసు, అప్పుడు పాపతో ఎవరు వెళ్తారో కూడా ఇప్పుడే అనుకోండి. నెలకు ఎంత పెట్టగలరో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ లెక్క రెండేళ్లు నడుస్తుందనిపిస్తేనే పిస్టల్ కొనండి. అప్పుడు కూడా నా మాట ఏపీ 20 లాంటిదానికే, లేదా ఐదేళ్ల లోపు సిలిండర్ ఉన్న పాతదానికి. రాష్ట్ర పోటీల్లో ఆమె స్కోరు పెరుగుతూ పోతే, పెద్ద పిస్టల్ ఎప్పుడు కావాలో కోచ్ చెబుతారు, అమ్మాయి చెబుతుంది. మీరు చెప్పాల్సిన అవసరం రాదు.

60 వేల పిస్టల్ ఆయనకు ఈ వారమే ఫోన్ చేసి వద్దని చెప్పండి. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి, మొహమాటపడకండి. ఆదివారం పాపను తీసుకుని అకాడమీకి వెళ్లి, ఏ కన్నుతో చూస్తోందో కోచ్‌తో పరీక్ష చేయించండి. ఆ రోజు స్కోరు మాత్రం అడగకండి.