గేమ్ స్టూడియోలో ఎవరో మానేశారట అని షేర్ చేస్తే నష్టమేంటి?

ఒక గేమ్ డైరెక్టర్ ఉద్యోగం మానేశాడన్న పోస్టును గ్రూపులో పెట్టానని, అది తప్పైనా అంత పెద్దమనిషికి పోయేదేముందని అడిగారు. నేను హైదరాబాద్‌లో, విదేశీ కంపెనీలకు పని చేసిపెట్టే ఒక చిన్న స్టూడియోలో ఏడేళ్ళు క్యారెక్టర్లకు రిగ్గింగ్, అంటే బొమ్మలు కదిలేలా లోపల ఎముకల్లాంటి అమరిక పెట్టే పని, చేశాను. ఇలాంటి పుకారు ఏం చేస్తుందో దగ్గరుండి చూశాను, ఒకదాంట్లో నా చెయ్యి కూడా ఉంది.

మా లీడ్ ఒక సోమవారం నుంచి ఆఫీసుకు రావడం లేదు. చాట్‌లోనూ లేరు, ఆయన పని ఇంకొకరికి అప్పగించారు. వారం తిరక్కుండానే ఎవరో పోస్టు పెట్టారు, లీడ్‌ని తీసేశారు, క్లయింట్ వెళ్ళిపోతున్నాడు, ఇక టీమ్ మొత్తం ఇంటికే అని. నేను దాన్ని పాత టీమ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి కింద "నిజమేనా?" అని రాశాను. అడిగాను తప్ప నేనేమీ అనలేదు కదా అనుకున్నాను. సాయంత్రానికి అదే పోస్టు వేరే గ్రూపు నుంచి నాకే వచ్చింది. నా ప్రశ్న ఎగిరిపోయింది, దాని చోట "లోపల పనిచేసేవాళ్ళు చెప్పారు" అని చేరింది. ఆ లోపలివాడిని నేనే.

అసలు జరిగింది వేరు. ఆయన భార్యకు ఏడో నెలలోనే కాన్పు అయింది, పాప ఇంక్యుబేటర్‌లో ఉంది, ఆయన సెలవు పెట్టి ఆసుపత్రిలో కాపలా ఉన్నారు. ఎవరికీ చెప్పొద్దని హెచ్ఆర్‌ని ఆయనే అడిగారట. పాప బతుకుతుందో లేదో తెలియని ఆ రోజుల్లో ఎవరి ద్వారానో ఈ మాట ఆయన మామగారి దాకా వెళ్ళింది, ఐసీయూ బయట నిలబడి "నా ఉద్యోగం పోలేదండీ" అని ఆయనకు నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి తర్వాత మా లీడే నాకు చెప్పారు, మొదట పంపింది నేనని తెలియక. మా టీమ్‌లో చేరాల్సిన ఇద్దరు ఆఫర్ వదులుకున్నారు. కాకినాడ నుంచి వచ్చిన జూనియర్ ఒకమ్మాయి టెన్షన్ తట్టుకోలేక తక్కువ జీతానికి వేరే చోట చేరిపోయింది. ఆ ప్రాజెక్టు మాత్రం ఏ ఆటంకం లేకుండా పూర్తయింది.

ఇలాంటివి జనం ఇట్టే నమ్మడానికి కారణం ఉంది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1,900 మందిని, మరుసటి నెలలో సోనీ ప్లేస్టేషన్‌లో సుమారు 900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్ళకు ఉద్యోగం పోతే మామూలుగా ఉండే గడువు 60 రోజులు. ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ళు మీ పోస్టు చదివితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

మానేసి వెళ్ళిపోయినవాళ్ళనూ వదలరు. 2017 మార్చిలో "మాస్ ఎఫెక్ట్: ఆండ్రొమెడా" అనే గేమ్‌లో ముఖాల యానిమేషన్ బాగాలేదని గొడవ జరిగినప్పుడు, ఆ గేమ్‌ను విడుదల చేసిన ఈఏ కంపెనీని అంతకుముందే వదిలేసిన ఒకామెను ఆ పనికి లీడ్ అని ప్రచారం చేశారు. ఆమె మీద నానా బూతులతో పడ్డారు. ఆ ప్రచారం అబద్ధమని గేమ్ తయారుచేసిన బయోవేర్ స్టూడియో ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది, కానీ ఆ తిట్లన్నీ ఆమె అప్పటికే చదివి ఉంటుంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు, కొన్ని నిజమవుతాయి, ఒప్పుకుంటాను. 2015లో పేరున్న జపాన్ గేమ్ డైరెక్టర్ హిడియో కొజిమా తన కంపెనీ కొనామీని వదిలేశారన్న వార్త వస్తే ఆయన సెలవులో ఉన్నారని కంపెనీ చెప్పింది, డిసెంబర్‌లో చూస్తే ఆయన సొంత స్టూడియో పెట్టేశారు. కానీ ఆ వార్త గాల్లోంచి రాలేదు. అక్టోబర్ 9న జరిగిన వీడ్కోలుకు వెళ్ళినవాళ్ళతో మాట్లాడి "న్యూయార్కర్" పత్రిక విలేకరి రాశారు. మీరు పెట్టిన పోస్టులో అలా చూసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?

నేను ఆ రోజు నా మెసేజ్ డిలీట్ చేసి ఊరుకున్నాను, అది తప్పని గ్రూపులో ఒక్క మాట కూడా రాయలేదు. మీరు డిలీట్ చేసే ముందు, పెట్టిన చోటే "ఇది ఎవరూ ధ్రువీకరించలేదు, ముందుకు పంపకండి" అని రాయండి.