బ్రిడ్జి బానే ఉంది కదా, ఎందుకు కూలుస్తున్నారు?

ప్రశ్న: సార్, నేను రోజూ వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌వేలో ఒక పక్క మూసేసి రోడ్డు అడుగు దాకా తవ్వేస్తున్నారు, రెండు వైపుల బళ్ళూ మిగిలిన పక్కనే ఇరుకిరుగ్గా పోతున్నాయి. పైనుంచి అడ్డంగా వెళ్ళే ఓవర్‌బ్రిడ్జి కూడా కూల్చి కొత్తది కడతారంట. చూస్తే గట్టిగానే ఉంది. రోడ్డు మీద ఇంకో తారు పొర వేసేసి, బ్రిడ్జి పని తర్వాత చూసుకోవచ్చు కదా?

జవాబు: మీ విసుగు అర్థమైంది, కానీ రెండూ కలిపి చేస్తున్నారంటే నాకు సంతోషంగా ఉందండి. పైపైన పగుళ్ళయితే ఆ పొర గీకేసి కొత్తది వేస్తే చాలు. నీళ్ళు కిందకి దిగి కంకర కదిలిపోయాక మాత్రం ఎంత తారు పోసినా అక్కడే మళ్ళీ గుంట పడుతుంది. ఇది కార్ల వల్ల కాదు, లారీల వల్ల. 1958–60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో పరీక్ష కోసమే రోడ్లు వేసి వాటి మీద లారీలు తిప్పి చూస్తే, ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకి దెబ్బ దాదాపు 16 రెట్లని తేలింది.

ఇక బ్రిడ్జి. కాంక్రీటులోకి తేమ, ఉప్పు దిగితే లోపలి చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటుని లోపల్నుంచే నెట్టేస్తుంది. ఒకసారి ఇలాంటి బ్రిడ్జి కింద నిచ్చెనెక్కి సుత్తితో కొట్టి చూశాను, గట్టిగా ఉన్నచోట ఖంగుమంది, రెండడుగులు పక్కకి జరిగితే బోలు శబ్దం, ఇంకో దెబ్బకి అరచేయంత పెచ్చు ఊడొచ్చింది, దాని వెనకవైపంతా ఎర్రగా తుప్పు. కింద నుంచి చూస్తే అక్కడ సన్న గీత తప్ప ఏమీ లేదు.

తర్వాత చేద్దాం అంటే, కొత్తగా వేసిన రోడ్డు మీదే ఆ శిథిలాలు పడాలి, క్రేన్లు నిలబడాలి, మళ్ళీ ఇదే డైవర్షన్ పెట్టాలి. అందుకే తీసేయబోయే పాత రోడ్డు మీద మందంగా ఇసుక పరిచి, ట్రాఫిక్ ఆపి, రాత్రికి రాత్రే బ్రిడ్జి కూల్చేస్తారు. కొత్త గిర్డర్లు, అంటే స్లాబుని మోసే పొడవాటి దూలాలు, వేరేచోట పోసి తెచ్చి రాత్రిపూటే ఎక్కించేస్తారు. ఆ తర్వాత స్లాబు పోశాక కొన్నాళ్ళు పైన ఎవరూ కనపడరు, పని ఆగిపోయిందని జనం తిట్టుకుంటారు, కానీ కాంక్రీటు బలాన్ని లెక్కగట్టేదే 28 రోజులకి, దాన్ని తొందరపెట్టకూడదు. ఆ ఇరుకు లేన్లో మాత్రం దయచేసి స్పీడు తగ్గించండి, బారికేడ్ అవతల చెయ్యి చాపితే తగిలేంత దూరంలో మనుషులు పనిచేస్తుంటారు.

నేను ఎక్కువ భయపడేది బ్రిడ్జికి కాదు, దాని రెండు చివర్లా పోసే మట్టికి. పొరలు పొరలుగా పోసి ప్రతి పొరనీ రోలర్‌తో తొక్కించాలి, హడావిడిలో ఒకేసారి కుమ్మరిస్తే తర్వాత కుంగిపోతుంది. తెరిచాక ఒక వానాకాలం గడవనిచ్చి ఆ బ్రిడ్జి ఎక్కి చూడండి, మొదలయ్యే చోట బండి దడ్‌మని ఎగరకపోతే ఆ మట్టి పని సరిగ్గా చేసినట్టే.