దగ్గు తగ్గట్లేదని హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తుల్ని వివరంగా చూపే సీటీ స్కాన్) రాశారు, తీయించుకోవాలా? రేడియేషన్ ఎక్కువట కదా?

రెండు నెలలు దాటినా దగ్గు పోకుండా, ఎక్స్‌రే బాగానే ఉందన్నా మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే తీయించుకోండి, ఆలోచించేదేం లేదు. రేడియేషన్ మామూలుగా ఐదు నుంచి ఏడు మిల్లీసీవర్టులు. నేల నుంచి, గాలి నుంచి రెండు మూడేళ్ళలో ఎలాగూ మన ఒంటికి తగిలేంత. 2021 మేలో ఢిల్లీ ఎయిమ్స్ అప్పటి డైరెక్టర్ గులేరియా, తేలికపాటి కోవిడ్‌కి స్కాన్ల కోసం పరిగెత్తొద్దని చెబుతూ ఒక సీటీ 300-400 ఎక్స్‌రేలతో సమానం అన్నారు. అది పాత మిషన్ల లెక్కని రేడియాలజిస్టుల సంఘం అప్పుడే అంది, కానీ ఆ మాట ఎవరి వాట్సాప్‌కీ రాలేదు.

అసలు భయపడాల్సింది ఊపిరి దగ్గర. పోయినేడాది కరీంనగర్‌లో మా అమ్మకి తీయించాం. ఆ మిషన్‌లో రికార్డు చేసిన గొంతు హిందీలో "సాఁస్ అందర్ లీజియే" అంది, ఊపిరి లోపలికి తీసుకోండి అని. అమ్మకి హిందీ రాదు, ఏదో తీసుకోమంటోందనుకుని తల మీద పెట్టిన చెయ్యి దించి ముందుకు చాపింది! అద్దం ఇవతల నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టెక్నీషియన్ విసుక్కుంటే, ఆ రికార్డు ఆపి మైకులో నువ్వే తెలుగులో చెప్పు తమ్ముడూ అన్నా. "అమ్మా, దమ్ము గట్టిగ గుంజి ఆపు" అన్నాడు, ఒక్కసారికే వచ్చింది. నిండా పీల్చకపోతే మంచి ఊపిరితిత్తి కూడా మసకగా, జబ్బున్నట్టే కనపడుతుంది. తర్వాత మొత్తం వదిలి ఆపమన్నాడు, అది గాలి ఎక్కడైనా ఇరుక్కుపోతోందా చూడ్డానికి. ఆ తర్వాత బోర్లా పడుకోమనేసరికి అమ్మకి టెన్షన్, ఏదో పెద్దదే కనపడిందని. వెల్లకిలా ఉన్నప్పుడు బరువుకి వీపు వైపు కాస్త మసక వస్తుంది, బోర్లా తిప్పినా పోకపోతేనే అది జబ్బు. ఈ ముక్క ముందే చెబితే వాళ్ళ సొమ్మేం పోతుంది?

బయటికొచ్చేసరికి చుట్టాల ఫోన్లు, "స్కోరెంత, 25కి ఎంతొచ్చింది?" అని. అయ్యా, అది కోవిడ్ స్కోరు, అన్నిటికీ ఉండదు. ఇంకోటి, సీడీ అడిగి తీసుకోండి, ఫిల్మ్ మీద తపాలా బిళ్ళలంత బొమ్మలు చూసి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేడు.

రిపోర్టులో యథాప్రకారం "క్లినికల్‌గా కోరిలేట్ చేసుకోవాలి" అని, అంటే రోగి లక్షణాలతో పోల్చి చూసుకోమని, రాసి ఊరుకున్నారు. ఊపిరితిత్తుల డాక్టరు ఆ సీడీ చూస్తూనే అడిగిన మొదటి మాట, "ఇంట్లో పావురాలున్నాయా? కూలరుందా?" అంతకుముందు ముగ్గురు డాక్టర్లు సిరప్‌లు రాశారు తప్ప ఒక్కరూ అడగలేదు. కూలరుంది. ఉగాది నుంచి వానలు పడేదాకా అమ్మ తల పక్కనే. గడ్డి మార్చి నాలుగేళ్ళయింది, తొట్టిలో నాచు. ఆ బూజు గాలికి ఊపిరితిత్తులు వాచాయట, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పావురాల రెట్టకీ ఈకలకీ ఇదే వస్తుందట, అందుకే ఆ ప్రశ్న. మన దేశంలో 27 ఆసుపత్రులు 1084 మంది ఐఎల్‌డీ (ఊపిరితిత్తుల లోపలి కణజాలం వాచి గట్టిపడే జబ్బులు) రోగుల వివరాలు పోగేసి 2017లో వేసిన రిజిస్ట్రీలో దాదాపు సగం మందికి ఇదే జబ్బు, వాళ్ళలో మళ్ళీ సగానికి దగ్గరగా కూలరు గాలికి పడుకున్నవాళ్ళే. స్కాన్‌కి వెళ్ళేముందు మీ కూలరు మూత తీసి ఓసారి చూడండి.

అమ్మకిప్పుడు నయం, మందులు నడుస్తున్నాయి. నాన్న మాత్రం "నేనూ ఆ గాలికే పడుకున్నా, నాకేమైంది" అంటూ కూలరుని పాత సామాన్లవాడికి ఇవ్వనివ్వడు. మేడ మీద పడేశాం. మొన్న చూస్తే అందులో పావురాలు గూడు పెట్టాయి.