దోగోన్ భాషల్లో పురుగుల పేర్లు సేకరించాలంటే ఫోన్‌లో ఫొటోలు చూపించి అడిగితే సరిపోదా?

సరిపోదు. దోగోన్‌లు మాలీ దేశంలో ఉండే జనం. మీరు అడిగింది ఇదీ: పశ్చిమాఫ్రికా పురుగుల ఫొటోలు ఓ 200 దించుకుని, మాలీలో బందియాగరా చుట్టుపక్కల ఊళ్లలో ఒక్కొక్కటే చూపిస్తూ, వాళ్లు చెప్పిన మాటను ఎదురుగా రాసుకుపోతే పని అయిపోతుంది కదా అని. రెండు రోజుల్లో 200 మాటలు చేతికొస్తాయి, అందులో అనుమానం లేదు. అవి ఆ పురుగుల పేర్లేనని మాత్రం ఎవరూ పూచీ పడలేరు.

ఫొటోలో కొలత ఉండదు. గోరంత మిడతా, వేలంత మిడతా తెర మీద ఒక్కటే. అరుపుండదు, వాసనుండదు, పట్టుకుంటే తన్నే కాలుండదు. పల్లెలో మనిషి పురుగుని గుర్తుపట్టేది వీటితోనే: ఎక్కడ దొరికింది, ఏ మొక్క మీద ఉంది, కుడుతుందా, కాల్చుకు తినొచ్చా. అవన్నీ తీసేసి బొమ్మ ఒక్కటే ముందు పెడితే ఆయన చేసేది గుర్తుపట్టడం కాదు, ఊహించడం.

ఇంకోటి. ఆ ప్రాంతం నుంచి వచ్చిన పాత పదపట్టికలు తిరగేస్తే పురుగుల దగ్గర ‘ఒక రకం పురుగు’, ‘ఒక రకం మిడత’ అని కుప్పలు తెప్పలుగా కనిపిస్తాయి. మన పాత నిఘంటువుల్లో ‘వృక్షవిశేషము’, ‘పక్షివిశేషము’ అని రాసి చేతులు దులుపుకున్న వరసే. ఆ విశేషమేమిటో తెలుసుకుందామనే కదా మనం పుస్తకం తెరిచేది! పేరుంది, పురుగు లేదు. ఫొటోల పద్ధతిలో అటుది ఇటవుతుంది: పురుగుంది, పేరు గాలిలోది.

కాబట్టి పురుగుని పట్టండి. ఒక మిడత మీద పని ఎలా నడుస్తుందో చెప్తాను, మిగతావి దాన్ని బట్టి అర్థమవుతాయి.

వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా. మిడతలు బాగా ఎదిగి రెక్కలతో దొరికేది సజ్జ కంకి వేసే రోజుల్లో. పొద్దున్నే, ఎండెక్కక ముందు పట్టుకోండి, చలికి బద్ధకంగా ఉంటాయి. పట్టినదాన్ని బతికుండగానే ఎవరికైనా చూపించి పేరు అడగండి, తరవాతే సీసాలో వెయ్యండి. సీసా అడుగున దూది, దాని మీద ఓ పది పదిహేను చుక్కల ఇథైల్ అసిటేట్, పైన గట్టి అట్ట ముక్క. చనిపోయాక మెడ దగ్గరి పలచటి పొర కోసి, చిమటాతో పేగు లాగేసి, కాస్త దూది కూరాలి. ఇది బద్ధకించారా, ఆ ఉక్కకి రెండో రోజుకే కుళ్లి నల్లబడుతుంది. సూది దిగాల్సింది తల వెనకుండే వీపు పలక వెనక భాగంలో, నడిమి గీతకి కాస్త కుడివైపు. ఎడమ రెక్కలు రెండూ విప్పి ఆరబెట్టాలి.

ఎడమ రెక్క విప్పడం అలంకారానికి కాదు. మిడతల్లో సగం గుర్తింపు వెనక రెక్కలోనే ఉంది. సజ్జకి పెద్ద శత్రువైన సెనెగల్ మిడత ఈడాలియస్ సెనెగాలెన్సిస్‌ని చూడండి. వీపు పలక మీద పాలిపోయిన గుణకారం గుర్తు ఉంటుంది, వెనక రెక్క మొదట్లో పసుపు, దాని మీదుగా నల్లటి వంపు పట్టీ. రెక్క మూసి ఉంటే ఈ పట్టీ కనపడదు, మామూలు గడ్డి మిడతే అనుకుంటారు. అలాగే తిరగేసి మెడ కింద, ముందు కాళ్ల మధ్య చూడండి. అక్కడ చిన్న మొటిమలాంటి కొమ్ముంటే ఎడారి మిడత, చెట్టు మిడత వంటి వాటి గుంపులో వెతకాలి, లేకపోతే వేరే దారి. ఇంటర్నెట్ ఫొటోల్లో చాలావరకు పైనుంచో పక్కనుంచో తీసినవి, ఈ కొమ్ము కనపడనే కనపడదు. ఫోన్ యాప్ చెప్పే పేరు దగ్గర కూడా ఇదే చిక్కు. అది అడవి పిల్లిని ఇంటి పిల్లి అంటే నవ్వుకుంటాం, మిడత విషయంలో మాత్రం కళ్లకద్దుకుని రాసుకుంటాం.

ఇప్పుడు పేర్ల పని. అక్రిడా అనే ఏటవాలు ముఖం మిడతని తీసుకోండి. ఒకే జాతిలో పచ్చవీ ఉంటాయి, ఎండుగడ్డి రంగువీ ఉంటాయి. ఆడది మగదానికన్నా చాలా పెద్దది. ట్రేలో ఆ నాలుగూ పెట్టండి, పక్కనే రెక్కలు రాని పిల్ల మిడత ఒకటి, పూర్తిగా వేరే జాతివి మూడు. ఒక్కో మనిషినీ విడిగా కూర్చోబెట్టి అడగండి. పదిమంది ముందు అడిగితే ఊరి పెద్ద ఏమంటే అదే అందరి మాట. ప్రశ్న వాళ్ల దోగోన్ భాషలోనే ఉండాలి. ఫ్రెంచిలో అడిగితే ఫ్రెంచి మాటకి అతుకు వేసిన అనువాదం వస్తుంది. పచ్చదానికి, గోధుమరంగుదానికి వేర్వేరు పేర్లు చెప్తే చెప్పనివ్వండి, మీ జీవశాస్త్రం అక్కడ పరవకండి. వాళ్ల లెక్కలో అవి రెండు పురుగులైతే నిఘంటువులో రెండు పదాలే ఉండాలి, రెండింటి కిందా అదే జాతి పేరు రాయాలి.

మర్నాడు అదే ట్రేని వరస మార్చి, అదే మనిషికి మళ్లీ చూపించండి. ఇది అందరూ ఎగ్గొట్టే మెట్టు. తరవాత తిరగేసి అడగండి: పురుగు చూపించకుండా నిన్నటి పేరు మీరే పలికి, ‘ఇది ఏదో చూపించు’ అనండి. రెండుసార్లూ వేలు ఒకే పురుగు మీదికి వెళ్తే అది పేరు. వెళ్లకపోతే ఆ పూటకి పుట్టిన వర్ణన. ‘జిల్లేడు తినేది’ లాంటి మాట వచ్చినప్పుడు మరీ జాగ్రత్త. ఆ పురుగుని వేరే మొక్క మీద పెట్టి చూపించినా అదే మాట వస్తే పేరు కింద రాయొచ్చు. జిల్లేడు అన్నది ఊరికే కాదు. సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ నేలలో జిల్లేడు విరివిగా ఉంటుంది, దాని మీద పెరిగే రంగురంగుల మిడత మన పొలం గట్ల జిల్లేడు మిడతకి దగ్గరి చుట్టం. విషపు పాలు తాగి పెరిగింది కాబట్టి మామూలుగా తినరు. తినే మిడతల్లో ఇది ఉందని మీ పట్టికలో వస్తే ముందు పట్టికనే అనుమానించండి.

ఇంత అనుమానం ఎందుకంటారా? ఎందుకంటే పెద్దమనిషి తరహా గల మనుషులు అతిథి అడిగితే ‘తెలియదు’ అనరు. ఏదో ఒకటి చెప్పి పంపిస్తారు. దోగోన్ అనగానే తెలుగు యూట్యూబులో సిరియస్ నక్షత్రం, గ్రహాంతరవాసులు మొదలెడతారు కదా, దాని మూలం కూడా ఇక్కడే ఉంది. సిరియస్‌కి కంటికి కనపడని తోడు నక్షత్రం ఉందని దోగోన్‌లకి తెలుసన్నది ఆ కథ. ఫ్రెంచి మానవశాస్త్రవేత్తలు మార్సెల్ గ్రియోల్, జెర్మెన్ దీతర్లాన్ 1950లో ఆ సంగతి అచ్చు వేశారు. డచ్చి మానవశాస్త్రవేత్త వాల్టర్ వాన్ బీక్ మళ్లీ అక్కడే ఏళ్ల తరబడి ఉండి అడిగితే అది తెలిసిన మామూలు మనిషి తగల్లేదు. పట్టుబట్టి అడిగే పరిశోధకుడు, కాదనలేని మర్యాదస్తులు కలిసి అల్లినదని ఆయన 1991లో రాశాడు. ఆ గ్రియోల్ పేరు మీదే, ఆయన పోయాక 1961లో, దోగోన్ పురుగుల వర్గీకరణ మీద పెద్ద వ్యాసం వచ్చింది. దాన్ని చదవండి, కానీ అందులోని ఏ పేరునీ ట్రే పరీక్ష పెట్టకుండా ఎత్తుకోకండి. నక్షత్రం దగ్గర మోసపోయిన పద్ధతి పేడపురుగు దగ్గర మాత్రం నిలబడుతుందని ఏమిటి నమ్మకం?

రాసుకునేటప్పుడు అసలు గుంట స్వరం, అంటే మాట పలికే గొంతు ఎత్తు. దానికన్నా ముందు ఒక మాట. దోగోన్ ఒక భాష కాదు, సుమారు 20 భాషలు. కింద సేనో ఇసుక మైదానంలో జమ్సాయ్, పైన రాతి పీఠభూమి మీద తొమ్మో సో, ఉత్తరాన నజంబ, ఇలా. పక్కనే ఉన్న బంగిమే ఈ కుటుంబానిదే కాదు, దేనికీ చెందని ఒంటరి భాష. కాబట్టి ‘దోగోన్‌లో దీని పేరు’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఊరి పేరు, భాష పేరు రెండూ రాయండి. ఈ భాషల్లో స్వరం ఎత్తు తగ్గులు మాటలో భాగం. నామవాచకానికి కనీసం ఒక్క ఎత్తు స్వరమైనా ఉంటుంది. కానీ వెనక విశేషణం తగిలితే నామవాచకం స్వరమంతా కిందికి పడిపోతుంది, చాలా భాషల్లో ‘ఈ’, ‘ఆ’ తగిలినా అంతే. ట్రే చూపించి అడిగితే సహజంగా వచ్చేది ‘ఎర్ర ఫలానా’, ‘ఈ ఫలానా’ అనే జవాబే. దాన్ని కోసి ఫలానా ఒక్కటే రాసుకుంటే, మీరు రాసింది ఆ మాట అసలు స్వరం కాదు. పట్టికలో మొత్తం కింది స్వరంతో ఉన్న పదం కనిపిస్తే పదబంధంలోంచి కోసుకొచ్చారన్నమాట. విడిగా మూడుసార్లు పలికించి, సంఖ్యతో ఒకసారి, ‘పెద్ద’ చేర్చి ఒకసారి రికార్డు చెయ్యండి. సంఖ్య సాధారణంగా స్వరాన్ని కదపదు, ‘పెద్ద’ కదుపుతుంది. తేడా అక్కడే వినిపిస్తుంది.

ఎవరిని అడగాలన్నది కూడా చూసుకోండి. మిడతలకి పశువులు కాసే కుర్రాళ్లని మించినవాళ్లు లేరు, పట్టి కాల్చుకు తినేది వాళ్లే. గరిసెలో బొబ్బర్లకి పుచ్చు పట్టించే పురుగు, పిండిలో తిరిగే పురుగు ఆడవాళ్లని అడగాలి. సజ్జ కంకిలో తొలిచే గొంగళి దగ్గర ఇంకో తకరారు: దాని తొలిచిన చార కంకి చుట్టూ మెలి తిరిగి కనిపిస్తుంది, రైతు చెప్పే మాట ఆ చారదో, తెగులుదో, పురుగుదో విడగొట్టి అడిగితే గానీ తేలదు.

పిల్ల పురుగుకీ పెద్ద పురుగుకీ వేర్వేరు పేర్లుండటం వింత కాదు. మనకి గొంగళిపురుగు, సీతాకోకచిలుక రెండు మాటలు కావా? చెదలు, ఉసిళ్లు రెండు కావా? గొంగళిని పట్టుకుంటే దాని ఆకుతో సహా పెంచి, రెక్కలొచ్చాక జాతి తేల్చాలి. చెదల్లో కూలీలని పట్టి లాభం లేదు, అన్నీ ఒకలాగే ఉంటాయి. పెద్ద తల సైనికులని పట్టండి, తల ఆకారం, కోరలు చూస్తే జాతి తెలుస్తుంది. ముక్కులా సాగిన తల ఉంటే ట్రైనర్విటెర్మెస్ వంటి చెదల గుంపు.

చెదలు, చీమలు, గొంగళ్లు 70–80 శాతం ఆల్కహాల్‌లో వెయ్యండి. మిడతలని వెయ్యొద్దు, పచ్చరంగు పోతుంది. చీటీ సీసాలోపలే ఉండాలి, పెన్సిల్‌తోనే రాయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగి నీలం నీళ్లు మిగులుతాయి. చీటీ మీద నమూనా నంబరు, ఊరు, తేదీ, ఏ మొక్క మీద దొరికింది. పురుగు పేరు అక్కడ రాయకండి, చూసిన ప్రతివాళ్లూ అదే చదివి తలూపుతారు. అదే నంబరు రికార్డింగులో కూడా నోటితో చెప్పండి. ఆరబెట్టిన పెట్టెలో నాఫ్తలీన్ గుండు కట్టేసి ఉంచండి, బల్ల కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టండి. లేకపోతే వారం పనిని ఒక్క రాత్రిలో చీమలు పట్టుకుపోతాయి.

తొలకరికి ఇసుకలోంచి పైకొచ్చే ఎర్ర మఖమలు పురుగు, మన ఆరుద్ర పురుగు చుట్టం, అక్కడా ఉంది. దానికి ఎనిమిది కాళ్లు, నిజానికి కీటకం కాదు, సాలీడుకీ తేలుకీ దగ్గర. అయినా జాబితాలోంచి తీసెయ్యకండి. ఆరు కాళ్ల గీత మనం గీసుకున్నది. మొదటి వాన పడ్డ మర్నాడు పొద్దున దొరుకుతుంది, తరవాత వెతికితే దొరకడం కష్టం.

ఇక ఫొటో ఎక్కడ పనికొస్తుందంటే, పట్టిన ఆ పురుగుదే, గంటలోపు, పక్కన స్కేలు పెట్టి, పైనుంచి, పక్కనుంచి, కిందనుంచి, రెక్క విప్పి, నాలుగు తీసుకోండి. 2012 నుంచి మాలీలో మొదలైన కల్లోలం బందియాగరా దాకా పాకింది, చాలా ఊళ్లకి ఇప్పుడు వెళ్లే దారి లేదు. ఊళ్లు వదిలి రాజధాని బమాకోలో ఉంటున్నవాళ్లతో పని చెయ్యాల్సి వస్తే, ఈ నాలుగు ఫొటోలతో పాటు సూది గుచ్చిన పెట్టె కూడా పట్టుకెళ్లండి. ఏ ఊరి మనిషో, ఊరు వదిలి ఎన్నేళ్లయిందో చీటీ మీద రాయండి.