కుక్క తుంటి కీలు నొప్పికి ఏ మందు ఇవ్వాలి?

మీ పదేళ్ల లాబ్రడార్‌కి తుంటి కీలు అరిగిందని, ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ వేయొచ్చా అని అడిగారు. దయచేసి వేయకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్కలకు కడుపులో పుండ్లు పెట్టి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు.

పశువైద్యులు సాధారణంగా మెలాక్సికామ్ గానీ కార్‌ప్రొఫెన్ గానీ రాస్తారు. మెలాక్సికామ్ అయితే మొదటి రోజు కిలో బరువుకు 0.2 మి.గ్రా., తర్వాత రోజూ 0.1 మి.గ్రా., తిండితో పాటే. అయినా మోతాదు మీరే లెక్కగట్టుకోకండి. ముందు లివర్, కిడ్నీ రక్తపరీక్షలు చేయించాలి. స్టెరాయిడ్ వాడుతుంటే ఈ మందు అసలు కలపకూడదు. వాంతులు, నల్లటి విరేచనాలు కనిపించినా, తిండి మానేసినా మందు ఆపి వెంటనే డాక్టర్‌కి చూపించండి.

నొప్పి లొంగకపోతే నరాల నొప్పి తగ్గించే గాబాపెంటిన్ అనే మందు కూడా జోడిస్తారు. లాబ్రడార్లు ఇట్టే లావెక్కుతాయి కదా, బరువు తగ్గిస్తే తక్కువ మందుతోనే హాయిగా లేచి తిరగొచ్చు.