గోదావరి లంకల బోటు ట్రిప్పు: వెళ్ళండి, కానీ లేసు ఇంటి దగ్గర టైమ్ ముందే మాట్లాడుకోండి

మీరు అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ నుంచి వస్తున్నామన్నారు. కోనసీమలో దిండి దగ్గర బోటెక్కించి, గోదావరి పాయ వశిష్ఠ ఒడ్డు ఊళ్ళలో లేసు అల్లిక, కొబ్బరి పీచు పని చూపించి సాయంత్రానికి దించే గైడెడ్ ట్రిప్పు డబ్బుకు తగ్గట్టు ఉంటుందా, కారులో తిరగడమే మేలా అని అడిగారు.

మాది రాజోలు వైపే. పిన్ని వాళ్ళు వచ్చినప్పుడు అలాంటి ట్రిప్పులోనే వెళ్ళాం. "మన గోదావరి చూడ్డానికి మనమే డబ్బులివ్వడమేంట్రా" అని నాన్న నవ్వారు గానీ, బోటు కదిలాక ఆయనే ముందు వరసలో కూర్చున్నారు. నా సలహా ఒక్కటే. నాలుగైదు చోట్లు చూపిస్తాం అనేవాళ్ళ దగ్గర తీసుకోకండి. రెండు చోట్లు చాలు, ఎక్కువసేపు ఉండనివ్వాలి. మా గైడు లేసు ఇంటి దగ్గర కూర్చోకముందే లేవమన్నాడు, ఆఖర్న ఒక షాపులో మాత్రం గంటసేపు కదల్లేదు. కమీషన్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటా.

అసలు చూడాల్సింది ఆ లేసు ఇల్లే. ఇక్కడి లేసు అంటే క్రోషే, కొక్కెం సూదితో దారాన్ని అల్లే పని. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకు నేర్పారని చెబుతారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. పని జరిగేది మాత్రం ఫ్యాక్టరీలో కాదు, వంటయ్యాక వీధి అరుగు మీద. మేం వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దావిడ ఒళ్ళో పాత తువ్వాలు పరుచుకుని (దారం తెల్లది కదా, చిన్న మరక పడినా సరుకు తిప్పి పంపేస్తారట) ఎడమ చూపుడు వేలికి దారం చుట్టుకుని అల్లుతోంది. మా వైపే చూస్తూ కబుర్లు చెబుతోంది, చెయ్యి మాత్రం ఆగలేదు. ఒక టేబుల్ క్లాత్ మొత్తం ఒక్కరే చెయ్యరు. ఈ ఇంట్లో పువ్వులు, ఆ ఇంట్లో అంచు, ఇంకో ఇంట్లో అతుకుపని. దారం ఇచ్చేదీ, సరుకు పట్టుకెళ్ళేదీ ఏజెంటే. "కూలి ఎంతొస్తుందండీ" అని పిన్ని అడిగితే ఆవిడ "దారం లెక్కనండి, మా గంటలు ఎవరు లెక్కేస్తారు?" అంది. కొనాలనుకుంటే అక్కడే, ఆవిడ చేతికే డబ్బివ్వండి, బేరం ఆడకండి. ఆవిడ దగ్గరున్నది ఏజెంటు సరుకైతే అమ్మడానికి వీలుండదు, బలవంతపెట్టొద్దు.

పీచు పని పిల్లలకు నచ్చుతుంది. కొబ్బరి డొక్కల గుట్టలు, రాట్నం తిరుగుతుంటే నడుముకి పీచు కట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ తాడు పేనే ఆడవాళ్ళు. కానీ దుమ్ము బాగా ఉంటుంది. మీ నాన్నగారికి ఆయాసం ఉంటే బోటులోనే కూర్చోమనండి.

పెద్దవాళ్ళ గురించి ఇంకో సంగతి. ఇది సముద్రానికి దగ్గర, గోదావరికి ఇక్కడ పోటు, పాటు ఉంటాయి. పాటు సమయంలో నీళ్ళు తగ్గి బోటు రేవు మెట్ల దాకా రాదు. బురదలో బల్ల వేసి దించుతారు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకు అది నరకం. అందుకే బుక్ చేసేటప్పుడు "ఆ రోజు పోటు ఎన్నింటికి, దిగేచోట మెట్లున్నాయా" అని అడగండి. బోటు నడిపేవాళ్ళు ఠక్కున చెప్తారు. తడుముకుంటే వాళ్ళకు నది కన్నా ప్యాకేజీయే ఎక్కువ తెలుసన్నమాట. టాయిలెట్ ఎక్కడుందో కూడా ముందే అడగండి.

జులై నుంచి సెప్టెంబర్ దాకా వద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే నది మధ్య లంకల వాళ్ళే సామాన్లు సర్దుకుంటారు, మనం షికారుకి బయల్దేరడం బాగోదు. ఏ నెలైనా లైఫ్ జాకెట్ వేసుకోకుండా బోటు కదలనివ్వకండి. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిన సంగతి ఈ జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు.

భోజనం ప్యాకేజీలో ఉంటే సరే. శీతాకాలంలో ఎవరైనా "పులస పెడతాం" అంటే మాత్రం నమ్మకండి. పులస దొరికేది వరద నీటికి ఎదురీదే రోజుల్లోనే. మిగతా రోజుల్లో మీ కంచంలో పడేది విలసే (సముద్రంలో పట్టిన అదే జాతి చేప), రేటు మాత్రం పులసది.

ఇక కారు సంగతి. బోటు ఖర్చు ఎక్కువనిపిస్తే నరసాపురం దాకా రైల్లో వచ్చి అక్కడ కారు మాట్లాడుకోండి. రుస్తుంబాద లేసు పార్కు చూసుకుని, కారుతో సహా పంటు (బళ్ళను కూడా నది దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగితే నది మీద తిరిగినట్టూ ఉంటుంది, చాలా తక్కువలో అయిపోతుంది. అక్కణ్ణుంచి అంతర్వేది దగ్గరే. చేనేత కూడా చూడాలంటే బండారులంక ఇంకో రోజు పెట్టుకోండి, అది అమలాపురం పక్కన, ఈ దారిలో రాదు. సంక్రాంతి వారం, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం జరిగే రోజులు తప్పించండి. ఆ రోజుల్లో పంటు దగ్గర క్యూలోనే సగం రోజు పోతుంది.