చేతికందిన ఆయిల్ పోయకు, అమ్మణ్ణీ

రాపూరు,
ఆదివారం రాత్రి

అమ్మణ్ణీ,

మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. అరగంట సేపు నీ గురించే. సైకిలుకు హైడ్రాలిక్ బ్రేకుల సెట్టు తెప్పించావట, అదే, వైరు బదులు పైపులో ఆయిల్ తోసి పట్టేవి. షాపులో ఇవ్వకుండా నీ చేత్తోనే బిగించుకుంటానని పట్టుబట్టావట. బిగించాక వచ్చే ఆదివారం రాపూరు ఘాటు ఎక్కి చిట్వేలి దాకా పోయి, అదే దారిన దిగి వస్తావట. "అంతా నీ పోలికే, నువ్వే చెప్పుకో" అని ఫోన్ పెట్టేసింది. అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. సంతోషమా అంటే సంతోషమే. మన ఇంట్లో మగపిల్లలు ఒక్కరూ స్పానరు ముట్టుకోలేదు, నువ్వు పట్టావు. కానీ ఘాటు అనే మాట చెవిన పడగానే గుండె ఝల్లుమంది. ఫోన్లో అయితే నేను సగం మర్చిపోతాను, నువ్వు సగం వినవు. అందుకని రాస్తున్నా.

నీకు ఆరేళ్లప్పుడు వేసవి సెలవులకు వచ్చి నా మెకానిక్ షెడ్డులో నా పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చునేదానివి, గుర్తుందా? సైకిలు హబ్బు విప్పి బాల్సు కిరసనాయిలు పళ్లెంలో వేసి నీ ముందు పెట్టేవాణ్ణి. ముందు చక్రానికి పక్కకు పది, వెనక చక్రానికి పక్కకు తొమ్మిది. చిటికెన వేలితో ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టి ఒకరోజు "మామయ్యా, ఒకటి తక్కువ" అన్నావు. సరిగ్గా చూడు పో అని కసిరాను. నువ్వు ఏడవలేదు. లేచి, గోనెసంచి దులిపి, ఆ బాలు వెతికి తెచ్చి నా అరచేతిలో పెట్టావు. అలాంటి పిల్ల బిగిస్తానంటే బిగింపు సంగతి నాకు బెంగ లేదు. బెంగంతా ఆయిల్ దగ్గరే.

ముందు తేలికవి చెప్పేస్తాను. నీ సైకిలుకు వైరుతో పనిచేసే డిస్కు బ్రేకులు ముందే ఉన్నాయి కాబట్టి క్యాలిపరు, అంటే డిస్కును రెండు పక్కలా ప్యాడ్లతో నొక్కే ముక్క, కూర్చునే చోటు, హబ్బు మీద డిస్కు పట్టే చోటు ఉన్నట్టే. పాత బ్రేకు లీవరు, గేరు షిఫ్టరు ఒకే ముక్కగా వచ్చాయేమో ఇవాళే చూడు. అలా ఉంటే విడి షిఫ్టరు కొనాలి, లేకపోతే సగం విప్పాక చేతులు కట్టుకుని కూర్చోవాలి. డిస్కు 160 మిల్లీమీటర్లదా, 180దా చూసి దానికి తగిన అడాప్టరు పెట్టు. డిస్కు బోల్టులు ఆరూ వరసగా కాకుండా ఎదురెదురువి బిగిస్తూ రా. క్యాలిపరు బోల్టులు రెండూ వదులుగా ఉంచి, లీవరు నొక్కి పట్టుకుని, ఇదొకసారి అదొకసారి కొంచెం కొంచెంగా బిగిస్తే క్యాలిపరు దానంతటదే డిస్కుకు మధ్యగా వచ్చి కూర్చుంటుంది. తెల్ల కాగితం వెనక పెట్టి చూస్తే రెండు పక్కలా సందు కనబడాలి. ఆ బోల్టులకు 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. బిగువు కొలిచే టార్క్ రెంచి ఎవరినైనా అడిగి తెచ్చుకో, చేతి అంచనా వద్దు. ముప్పై ఏళ్లు పనిచేసిన నా చేయే తప్పేది.

లీవర్ల దగ్గర కాస్త ఆగు. నువ్వు స్కూటీ నడిపే పిల్లవి. కుడిచేత్తో నొక్కితే ముందు చక్రం ఆగుతుందని నీ చేతికి అలవాటైపోయింది. బయటి దేశాలకని చేసిన సెట్లలో చాలావాటికి ముందు బ్రేకు ఎడమచేతికి వచ్చేలా పైపులు తగిలించి ఉంటాయి. పెట్టెలో ఎలా వచ్చిందో అలాగే బిగించేస్తే ఏదో ఒక మలుపులో వెనక బ్రేకు అనుకుని ముందుది గట్టిగా నొక్కేస్తావు. భయం వేసినప్పుడు చేయి మనల్ని అడిగి నొక్కదు. అందుకని ఏ చేతికి ఏది అన్నది పైపు కోయకముందే తేల్చుకో. కోసేముందు హ్యాండిలు ఎడమకు పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి చూడు. పైపు గుంజుకుపోకూడదు, మరీ వేలాడి కొమ్మలకు తగులుకోకూడదు. కోసిన చివర లోపల దూర్చే ముల్లు, పైన తొడిగే ఆలివ్ అనే ఇత్తడి రింగు రెండూ కొత్తవే వేయి. ఒకసారి నలిగిన ఆలివ్ రెండోసారి పట్టదు, ఆయిల్ కారుతుంది.

ఇక అసలు సంగతి. ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

2003 ఎండాకాలం. నువ్వింకా పుట్టలేదు. మీ నాన్న కొత్త బండి కొన్నాడు, ముందు చక్రానికి డిస్కు బ్రేకు. మా ఊళ్లో అలాంటి బళ్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. నా చేయంతా రాజ్‌దూత్‌లు, లూనాల డ్రమ్ బ్రేకుల మీద నడిచింది. ఒక సాయంత్రం బావ షెడ్డు దగ్గర ఆగి, లీవరు మెత్తగా పోతోంది, చూడరా అన్నాడు. మూత తీశాను. ఆయిల్ అడుగుకు పోయి ఉంది. బ్రేకు ఆయిల్ నా దగ్గర లేదు, నెల్లూరు నుంచి రావాలి. మూత మీద ఇంగ్లీషులో రాసే ఉంది, ఇందులో ఫలానా ఆయిలే పోయాలని. కూడబలుక్కుని చదివాను కూడా. చదివి, పక్కనే ఉన్న జాకీ ఆయిల్ సీసా తీసి పోశాను. ఆయిల్ అంటే ఆయిలే కదా అనుకున్నాను. ఎదురుగా బావ నిలబడి ఉన్నాడు, నా దగ్గర లేదు, రేపు రా అనడానికి మనసొప్పలేదు. బ్రేకు పైపులో చిక్కుకున్న గాలి తీసి నొక్కితే లీవరు రాయిలా నిలబడింది. "ఇక చూడక్కర్లేదు బావా, వెళ్లు" అన్నాను.

మూడు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. నాలుగో రోజు పొద్దున్నే బావ వెనక రెండు నిమ్మకాయల బస్తాలు కట్టుకుని పొదలకూరు మార్కెట్‌కు బయలుదేరాడు. రేటు మీదున్న రోజులు. ఊరు దాటాక బండి బరువుగా లాగుతోందట, బస్తాల వల్లనేమో అనుకున్నాడట. కల్వర్టు దగ్గర మలుపులో లీవరు ఒకసారి నొక్కాడు. నొక్కిన బ్రేకు మళ్లీ వదల్లేదు. ముందు చక్రం పట్టేసింది.

కబురు తెలిసి నేను లూనా వేసుకుని పోయేసరికి రోడ్డు నిండా నిమ్మకాయలు. కొన్ని ఇంకా దొర్లుతూనే ఉన్నాయి. లారీ ఏదో తొక్కుకుంటూ పోయింది, ఎండకు తారు వాసన, నిమ్మ వాసన కలిసిపోయి ముక్కుకు తగిలింది. బావ కల్వర్టు గోడకు ఆనుకుని కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. మెడ కింద భుజానికి పోయే కాలర్ ఎముక విరిగింది. డిస్కు కాలి నీలంగా మారింది. "ఏమైందిరా బండికి?" అని అడిగాడు. "కంపెనీ వాషర్లు మంచివి కావు బావా" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను.

ఆ రాత్రి షెడ్డు తలుపు వేసుకుని లీవరు దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండరు విప్పాను. లోపలి రబ్బరు వాషరు నానబెట్టిన శనగగింజలా ఉబ్బి ఉంది. ఏ రంధ్రంలోంచి బయటికి తీశానో ఆ రంధ్రంలో మళ్లీ పట్టలేదు. తర్వాత నెల్లూరులో ఒక పెద్ద మెకానిక్కు చెప్పాడు: బండ్ల బ్రేకుల్లో పోసే డాట్ ఆయిల్ వేరు, జాకీలో పోసే మినరల్ ఆయిల్ వేరు. డాట్‌కు తగ్గ రబ్బరు మినరల్ ఆయిల్ తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బి, ఆయిల్ వెనక్కి వచ్చే సన్నటి దారి మూసేస్తుంది. నొక్కినప్పుడు పోయిన ఆయిల్ వదిలినప్పుడు తిరిగి రాదు.

మూడు నెలలు బావ ఆ చేయి ఎత్తలేదు. ఆ ఏడు తోట పక్కవాళ్లకు వదిలేశాడు. ఇప్పటికీ వానాకాలంలో కుడిభుజం పట్టుకుని కూర్చుంటాడు, నువ్వు చూసే ఉంటావు. చదవడం అయ్యాక ఈ ఉత్తరం మీ నాన్న చేతిలో పెట్టు. ఎదురుగా చెప్పాల్సిన మాట. ఇరవై ఏళ్లు దాటినా నోరు రాలేదు.

నీ సెట్టు షిమానో కంపెనీదని మీ అమ్మ డబ్బా మీద చూసి చెప్పింది. షిమానో బ్రేకుల్లో పోసేది మినరల్ ఆయిల్, ఎర్రగా ఉంటుంది. రబ్బరు కూడా దానికి తగ్గదే. అంటే నా తప్పును తిరగేస్తే నీ తప్పవుతుంది. నెల్లూరులో ఏ బైకు స్పేర్ల షాపుకు పోయినా డాట్ ఆయిల్ ఇస్తారు, నీకు కావలసింది అంత తేలిగ్గా దొరకదు. గాలి తీస్తుండగా నీ సీసా అయిపోయి, రాత్రి తొమ్మిదై, తెల్లారితే ప్రయాణమైతే నీ చేయి కూడా ఆ డబ్బా మీదకే పోతుంది. పోనీయకు. డాట్ ఆయిల్ పెయింటు మీద పడినా పెయింటు లేచిపోతుంది, లోపలి రబ్బరు సంగతి చెప్పనే అక్కర్లేదు. మినరల్ ఆయిలే కదా అని బేబీ ఆయిలూ, ఫోర్కు ఆయిలూ కూడా వద్దు. ఆ కంపెనీ చెప్పిన ఆయిలే, సీలు తీయని సీసా, ముందే రెండు కొని పెట్టుకో. దొరక్కపోతే ప్రయాణం మానుకో. ఘాటు ఎక్కడికీ పోదు.

గాలి తీసేటప్పుడు చక్రం, ప్యాడ్లు రెండూ బయటికి తీసి పక్క గదిలో పెట్టు. ప్యాడు మీద ఆయిల్ చుక్క పడిందా, ఇక అది పారేయాల్సిందే. క్యాలిపరులో డిస్కు బదులు నిలిచే పసుపు రంగు బ్లాకు పెట్టు. డిస్కు గానీ బ్లాకు గానీ మధ్యలో లేకుండా లీవరు నొక్కావంటే ప్యాడ్లను నెట్టే పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి. మామూలుగా చక్రం విప్పినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. లీవరు పైన గరాటు, కింద క్యాలిపరుకుండే సన్నటి మూతి, నిపుల్‌కు సిరంజి. గాలికి పైకి పోవడమే తెలుసు, నువ్వు కిందినుంచి ఆయిల్ ఎక్కిస్తూ దానికి దారి ఇవ్వాలి. పైపు పొడుగునా స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టు, అంటుకున్న బుడగలు వదులుతాయి. బుడగలు ఆగిపోయాయి కదా అని లేవకు, ఇంకో పది నిమిషాలు కూర్చో. అంతా మూశాక పాత ట్యూబు ముక్కతో లీవరును హ్యాండిలుకు కట్టి రాత్రంతా ఉంచు. పొద్దున విప్పి నొక్కితే మెత్తగా ఉందంటే లోపల ఇంకా గాలి ఉన్నట్టే.

డిస్కును మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని పేరు చెప్పి తెచ్చుకుని తుడువు. తలకు నూనె పెట్టుకున్న చేత్తో దాన్ని ముట్టుకోకు తల్లీ, నీకు ఆదివారం తలంటి అలవాటు ఉంది.

కొత్త ప్యాడ్లు మొదటిరోజే పట్టవు. తెల్లవారుజామున మైపాడు రోడ్డు మీద వేగంగా పోయి, నడక వేగానికి వచ్చేదాకా మెల్లగా నొక్కు, వదిలేయి, మళ్లీ వేగం పెంచు. చక్రం ఈడ్చకూడదు, పూర్తిగా ఆగకూడదు. ముందుది ఇరవై సార్లు, వెనకది ఇరవై సార్లు. బ్రేకు కరకరమని పట్టడం వేలికే తెలుస్తుంది. అది తెలిసేదాకా కొండ ఊసెత్తకు.

ఘాటు విషయం. నా షెడ్డుకు దిగి వచ్చే లారీలు కంటికి కనబడకముందే కాలిన బ్రేకుల వాసన వచ్చేది. దిగినంతసేపూ బ్రేకు మీద వేలు పెట్టి ఉంచితే అంతే. మలుపు రాకముందు గట్టిగా నొక్కి వేగం తగ్గించుకో, మలుపులో వదిలెయ్, డిస్కుకు గాలి తగలనీ. రెండు బ్రేకులూ వాడు. లీవరు ఒక్కసారి హ్యాండిలు దాకా వచ్చేసిందంటే లోపల ఆవిరి పట్టిందని అర్థం. డాట్ ఆయిల్ తేమ పీలుస్తుంది, కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక 155కే మరగొచ్చు. నీ మినరల్ ఆయిల్ తేమ పీల్చదు గానీ, ఎలాగో చేరిన నీటిబొట్టు కిందికి జారి క్యాలిపరులోనే కూర్చుంటుంది, అది 100కే ఆవిరవుతుంది. అలా అయితే మెల్లగా రోడ్డు పక్కకు ఆగి, చల్లారేదాకా నీళ్లు తాగుతూ కూర్చో. నీ స్నేహితులు ముందుకు పోతే పోనీ. డిస్కు ముట్టుకోకు, చర్మం ఊడుతుంది.

శనివారం సాయంత్రానికే ఇక్కడికి వచ్చెయ్. మీ అత్త చేపల పులుసు పెడతానంటోంది. నీ లీవర్లు నేనొకసారి నొక్కి చూస్తాను. కంటి చూపు తగ్గింది గానీ లోపల గాలి ఉంటే ఈ వేలికి ఇంకా తెలుస్తుంది. మీ నాన్న వస్తానంటే తీసుకురా.

మీ మామయ్య

తాజా కలం: తీసేసిన వైరు బ్రేకులు పారేయకు. బోల్టులు, వాషర్లతో సహా ఒక సంచిలో వేసి తీసుకురా, ఇక్కడ ఎవరి సైకిలుకైనా పనికొస్తాయి.